వృద్ధ బాలుర సంఘం

డెబ్బై రెండో ఏట ప్రభుత్వం వారు నన్ను బాలుడిగా గుర్తించారు. ఇందులో నా ప్రయత్నం ఏమీ లేదు. ఈ సంగతి చెబితే మా ఆవిడ సుభద్ర ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. పెళ్ళయిన నాటినుంచీ తను చెబుతున్నది అదేనంది.

మా కొల్లిరేవులో ఒక ఇంగ్లీషు బడి ఉంది. ఉప్పు మీద సుంకం వసూలు చేయడానికి వచ్చిన విల్మట్ దొర, తన మాట అర్థమయ్యే గుమాస్తా ఒక్కడూ దొరక్క విసుగెత్తి కట్టించాడట. దొర పోయాడు, సుంకం పోయింది, బళ్ళో ఇంగ్లీషు కూడా మెల్లగా పోయింది. హాజరు పిలిచినప్పుడు 'ప్రెజెంట్ సార్' అనడం, గేటు మీద లాటిన్‌లో చెక్కిన ఒక ముక్కా మాత్రం మిగిలాయి. ఆ లాటిన్‌కు ప్రతి హెడ్మాస్టరూ తన అవసరాన్ని బట్టి అర్థం చెప్పేవారు. మా హెడ్మాస్టరు గారి లెక్కలో దాని అర్థం 'వరండాలో ఉమ్మరాదు' అని.

ఆ బళ్ళో చదివిన వాళ్ళం గొప్పవాళ్ళమయ్యామని మాకో గట్టి నమ్మకం. నిత్యానందం జిల్లా జడ్జిగా రిటైరయ్యాడు. ఇప్పటికీ కూర ఎలా ఉందని వాళ్ళావిడ అడిగితే తీర్పు రిజర్వు చేస్తాడు. వామనరావు డాక్టరయ్యాడు. ఊళ్ళో సగం మందికి ప్రాణం పోశాడు, మిగతా సగం మంది చేత కాకరకాయ తినిపించాడు. మస్తాన్ వలీ ఓడలెక్కి అన్ని సముద్రాలూ తిరిగి వచ్చి, ఇప్పుడు ఊరి పక్క పాయ దాటడానికి పంటు ఎక్కాలంటే భయపడుతున్నాడు. నేను పోస్ట్‌మాస్టర్‌గా చేశాను. ఎవరి ఉత్తరమూ తెరవకుండానే అందరి సంగతులూ తెలుసుకున్నానన్న పేరు నాకుంది.

బడి హాల్లో పెద్ద టేకు పలక మీద, పాసై బయటికెళ్ళిన వాళ్ళ పేర్లన్నీ బంగారు రంగుతో రాసి ఉంటాయి. మాలో ఒక్కడి పేరే అందులో లేదు. కాజాల సత్తిరాజు. వాడు ఇంగ్లీషులో మూడుసార్లు తప్పి, ఇక లాభం లేదని వాళ్ళ నాన్న కాజాల పొయ్యి దగ్గర కూర్చున్నాడు. వాడి కాజాల కోసం పక్క జిల్లాలవాళ్ళు వస్తారు. అయినా ఏటా మా సమావేశానికి కాజాల బుట్టలు తెచ్చి, అందరూ తింటుంటే తను మాత్రం వెళ్ళి ఆ పలక కింద నిలబడేవాడు.

"బాగా రాశారండి రంగు. ఎన్నేళ్ళైనా పోలేదు చూడండి," అనేవాడు. అది విన్నప్పుడల్లా నాకు గొంతులో కాజా అడ్డం పడేది.

మా సంఘం పేరు ఓల్డ్ బాయ్స్ అసోసియేషన్. ఆ ఏడు సమావేశానికి ప్రస్తుత హెడ్మిస్ట్రెస్ మెర్సీ సులోచన గారు వచ్చి, కాజా ముట్టకుండా కూర్చున్నారు.

"ఇదే ఆఖరి మీటింగేమోనండీ," అన్నారు. "ఇరవై మందికి తక్కువున్న బళ్ళన్నీ విలీనం చేసేస్తారంట. మనకి తొమ్మిదిమందే ఉన్నారు. మూతపడే బళ్ళో కొత్తగా ఎవరు చేరతారండి? అందర్నీ పాయ అవతల బడికి పొమ్మంటున్నారు."

"పంటు మీదనా?" అన్నాడు మస్తాన్ వలీ, ముఖం పాలిపోయి.

"పంటు మీదేనండి. వానాకాలం మూణ్నెల్లు అదీ తిరగదు. మన తొమ్మిదో తరగతి ముసలమ్మ లేదూ, వాళ్ళమ్మ అప్పుడే చెప్పేసింది, బడి అవతలికెళ్తే పిల్లని రొయ్యల షెడ్డులో పెట్టేస్తానని. ఆ పిల్లకి చదువంటే ప్రాణం."

ముసలమ్మ అంటే ముసలమ్మ కాదు. మా ఊరి జాలర్ల వాడ పల్లిపాలెం అమ్మవారి పేరు. ఆ పేరు పెట్టుకున్న పిల్లకు పద్నాలుగేళ్ళు.

బడిని మూయవద్దంటూ ఏకగ్రీవంగా తీర్మానం చేసి జిల్లా కేంద్రానికి పంపాం. తిరిగొచ్చింది. అది సంపూర్ణ తెలుగు సంవత్సరమట. ఇంగ్లీషు పేరున్న సంఘాలతో ప్రభుత్వం ఉత్తర ప్రత్యుత్తరాలు జరపదట. పేరును తెనిగించుకుని రమ్మన్నారు. నేనే స్వయంగా భాషా అమలు విభాగానికి వెళ్ళాను. అక్కడ గుమాస్తా నిఘంటువు తెరిచి, టీ చల్లారేలోగా ధ్రువపత్రం చేతిలో పెట్టాడు. విల్మట్ ఆంగ్లోన్నత పాఠశాల వృద్ధ బాలుర సంఘం.

"ఇదేంటి బాబూ?" అన్నాను.

"ఓల్డ్ అంటే ఏంటండి?"

"పాత."

"మనుషుల్ని పాత అనకూడదండి, బాగోదు. వృద్ధ అనాలి. బాయ్స్ అంటే?"

"బాలురు. కానీ..."

"మరింకేంటండి మీ బాధ? ఒకసారి ధ్రువీకరించిన అనువాదం అంతిమం. వెనక లైన్లో గోల్డెన్ గర్ల్స్ మహిళా మండలి వాళ్ళున్నారు, కాస్త జరగండి."

ఆ పేరు పట్టుకుని మా ఫైలు ప్రయాణం మొదలుపెట్టింది. వృద్ధుల సంక్షేమం వాళ్ళు చివరి మాట 'బాలుర' అని చూసి, మాది కాదని పంపేశారు. బాలల విభాగం వాళ్ళు మొదటి మాట చూడకుండానే ఉంచుకున్నారు. బాలురు, బడికి సంబంధించినవారు, కానీ బడికి వెళ్ళడం లేదు. ఇలాంటి వాళ్ళ కోసం ప్రభుత్వంలో ఒక అధికారే ఉన్నారు.

ఆయన పేరు దక్షిణామూర్తి గారు. బడి బయట పిల్లల నిర్మూలన ప్రత్యేకాధికారి. నిర్మూలన పిల్లలకు కాదని, బయటకు మాత్రమేనని పరిచయంలోనే వివరించారు. ఇంట్లో నేను పడక కుర్చీలో ఉండగా వచ్చి, నా ఎదురుగా గొంతుక్కూర్చుని, పిల్లలతో మాట్లాడే గొంతుతో అడిగారు.

"బాబూ, బడి ఎందుకు మానేశావు?"

"పాసయ్యానండీ," అన్నాను.

ఆయన తన దగ్గరున్న కారణాలన్నీ వెతికారు. పేదరికం ఉంది, వలస ఉంది, పశువులు కాయడం ఉంది. పాసవడం లేదు. 'ఇతరములు' అని వేసుకున్నారు. సంరక్షకుల సంతకం కావాలన్నారు. సుభద్ర చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఎంతో తృప్తిగా సంతకం పెట్టింది.

సత్తిరాజు దగ్గరా అదే ప్రశ్న వేశారట. వాడు తల దించుకుని, "ఫెయిలయ్యానండి," అన్నాడట. ఆ కారణం మాత్రం ఆయన దగ్గర ఉంది.

నేను కోపంతో మెర్సీ గారి దగ్గరికి పరుగెత్తాను, ఈ తప్పు దిద్దించి తీరతానని. ఆవిడ తలుపు దగ్గరగా వేసి, నెమ్మదిగా అన్నారు. "పోస్ట్‌మాస్టర్ గారూ, మీ సంఘంలో ఊళ్ళో ఉన్నవాళ్ళు ఎంతమందండి?"

"పదకొండు."

"మా పిల్లలు తొమ్మిది."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. నేను మళ్ళీ ఆ తప్పు ఊసెత్తలేదు.

వయసుకు తగ్గ తరగతిలో చేర్చాలని నియమం. దాని ప్రకారం నన్ను అరవై ఏడో తరగతిలో వేయాలని దక్షిణామూర్తి గారు లెక్క తేల్చారు. "లభ్యత లేనందున తమరు ప్రస్తుతానికి పదిలో సర్దుకొనవలసిందిగా కోరడమైనది," అన్నారు. పదో తరగతిలో పిల్లలెవరూ లేరు కాబట్టి గది మొత్తం మాదే అయింది. పంతుళ్ళు చాలక తొమ్మిదో తరగతిని కూడా మాలోనే కలిపారు. లీడరు ముసలమ్మ. హాజరు పిలుస్తూ ఆ పిల్ల 'నిత్యానందం' అంటే, తన ముందు ఎన్నో వందలమందిని నిలబెట్టిన జడ్జి లేచి నిలబడి "ప్రెజెంట్" అనేవాడు.

అలా మేము మళ్ళీ బడికెళ్ళాం. చెప్పొద్దూ, బాగానే ఉంది. మధ్యాహ్నం గుడ్డు పెట్టేవారు, వామనరావు అందరి గుడ్లలోంచీ పచ్చసొన తీయించేవాడు. నులిపురుగుల మాత్ర మింగించారు. బరువు తూచి, ఎత్తు కొలిచి, వయసుకు తగ్గ ఎదుగుదల లేదని మా సంరక్షకులకు కబురు పంపారు. మస్తాన్ వలీ భూగోళం పీరియడ్‌లో ప్రతి రేవు పేరూ చెప్పగానే అక్కడ తను ఏం తిన్నాడో చెప్పి పాఠాన్ని ముందుకు కదలనిచ్చేవాడు కాదు.

అసలు చిక్కు బడి వదిలాక మొదలైంది. ఒకనాటి సాయంత్రం దక్షిణామూర్తి గారు సిబ్బందితో వచ్చి సత్తిరాజు కొట్టు మీద పడ్డారు. సత్తిరాజు పొయ్యి దగ్గర చెమటలు కక్కుతూ పాకం తీస్తున్నాడు.

"పదో తరగతి బాలుడి చేత నిప్పు దగ్గర పని! ఎవరయ్యా యజమాని?"

"నేనేనండి."

"పని చేసేది?"

"నేనేనండి."

"అనగా తమరు తమను దోపిడీ చేయుచున్నారు. సెలవు ఇచ్చుకుంటున్నారా?"

"ఎక్కడండీ, పండగ నాడు కూడా రానివ్వనండి నన్ను," అన్నాడు సత్తిరాజు, అమాయకంగా.

సత్తిరాజును సత్తిరాజు చెర నుంచి విడిపించి, సత్తిరాజు మీద కేసు పెట్టారు. కొట్టు వెనకే రొయ్యల షెడ్డు. ఐస్‌లో చేతులు పెట్టి రొయ్యలు ఒలుస్తున్న ఆడపిల్లలు పని ఆపి ఈ వేడుక చూస్తున్నారు. వీళ్ళ మాటేమిటండీ అని అడిగాను. దక్షిణామూర్తి గారు బాధగా తల అడ్డంగా ఊపారు.

"వారు ఏ సంఘంలోనూ సభ్యులు కారు. ఉనికి ధ్రువపడని బాలలను మేము ఎటుల రక్షించగలము?"

అప్పుడు నాకు నవ్వు రాలేదు. ఒళ్ళు మండింది. ముసలమ్మను ఆ షెడ్డు లోపల చూడకూడదని ఆ క్షణంలో గట్టిగా అనుకున్నాను. నేనే కాదు, విన్న పదకొండు మందిమీ అనుకున్నాం.

సత్తిరాజు కేసును నిత్యానందం తేల్చాడు. కొట్టుకు 'వృత్తి విద్యా ప్రయోగశాల' అని బోర్డు కట్టించి, కాజా తయారీని హోంవర్కుగా మార్చేశాడు. దక్షిణామూర్తి గారు పరిశీలనార్థం రెండు కిలోలు పట్టుకెళ్ళారు.

వామనరావు షష్టిపూర్తి మాత్రం అంత తేలిగ్గా తేలలేదు. మాలో వాడే చిన్నవాడు. పందిరి వేశారు, మేళం వచ్చింది, వాళ్ళావిడ లలితాంబ గారు పట్టుచీరలో పీటల మీద కూర్చున్నారు. వామనరావు తాళి చేత్తో పట్టుకుని లేచాడో లేదో, దక్షిణామూర్తి గారు పందిట్లోకి దూకారు.

"ఆపండి! విద్యార్థికి బాల్య వివాహమా?"

మేళం ఆగిపోయింది. లలితాంబ గారు తల ఎత్తారు. "అయ్యో బాబూ, ఈయనతో నాకు ముప్ఫై నాలుగేళ్ళ కిందటే అయిపోయిందండీ పెళ్ళి."

దక్షిణామూర్తి గారు గుండె మీద చెయ్యేసుకున్నారు. "అనగా అప్పటికి ఇంకా చిన్నవాడు!"

పురోహితుడు ముహూర్తం దాటిపోతోందని గోల పెట్టాడు. నిత్యానందం ఐదు నిమిషాలు కళ్ళు మూసుకుని ఆలోచించి, ఇది పెళ్ళి కాదని, పాఠశాల వార్షికోత్సవ నాటిక అని ప్రకటించాడు. దక్షిణామూర్తి గారిని ముఖ్య అతిథి కుర్చీలో కూర్చోబెట్టాం. తాళి కట్టడం, అక్షతలు వేయడం అన్నీ సక్రమంగా జరిగాయి. బాల నటుడు పాత్రలో జీవించాడని ఆయన రెండు ముక్కలు మాట్లాడి, వామనరావుకు పెన్సిళ్ళ పెట్టె బహూకరించారు.

ఈలోగా జిల్లాలో బడి బయట పిల్లలు సున్నాకు చేరారని దక్షిణామూర్తి గారికి శాలువా కప్పారు. ఇక ఆ పేరులో తప్పుందని చెప్పే ధైర్యం జిల్లాలో ఎవరికీ లేదు. మేమూ నిశ్చింతగా ఉన్నాం, ఫిబ్రవరిలో మెర్సీ గారు పరీక్షల సంగతి ఎత్తేదాకా.

"పాసైతే పేరు తీసేస్తారండి. ఫెయిలైతే ఇక్కడే ఉంచుతారు. మీలో ఒక్కరు పాసైనా పంతొమ్మిదే. బడి ఎత్తేస్తారు."

తరగతి లీడరు లేచి నిలబడింది. "తాతలూ, మీరందరూ ఫెయిలవ్వండి," అంది ముసలమ్మ. "నేను ఇంకో ఏడాదిలో పదైపోతానుగా. అందాకా ఫెయిలవ్వండి, దణ్ణం పెడతాను."

మేము పాసయ్యాం కదా, మళ్ళీ పరీక్షలేమిటని నిత్యానందం నియమం ఎత్తి చూపాడు. ఒకసారి వాడేసిన మార్కులు మళ్ళీ చెల్లవని సమాధానం వచ్చింది. సత్తిరాజువి మాత్రం చెల్లుతాయట. మిగతా సబ్జెక్టుల మార్కులు ఇన్నేళ్ళుగా వాడకుండా ఉన్నాయి కాబట్టి, వాడు ఇంగ్లీషు ఒక్కటి రాస్తే చాలట.

సత్తిరాజు గురించి మాకెవరికీ దిగుల్లేదు. దిగులంతా నిత్యానందం గురించే. వాడికి తప్పడం చేతకాదు. ఇంటికి పిలిచి తర్ఫీదు ఇచ్చాం. అయినా సోషల్ పేపరు మొత్తం రాసేసి, ఆఖరి గంటలో తెలివి తెచ్చుకుని, 'పై సమాధానములన్నియు ఇందుమూలముగా రద్దు చేయడమైనది' అని సంతకం పెట్టి వచ్చాడు. వామనరావు తన మామూలు దస్తూరీతో రాశాడు, అది చాలింది. నేను అన్ని జవాబులూ సరిగ్గానే రాసి, పక్క ప్రశ్నలకు బట్వాడా చేశాను.

ఇంగ్లీషు పరీక్ష అయ్యాక సత్తిరాజు ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి పోయాడు. పాపం, పాత గాయం రేగిందనుకున్నాం.

మే నెలలో ఫలితాలొచ్చాయి. అందరం తప్పాం. ఒక్క సత్తిరాజు పాసయ్యాడు.

పరుగెత్తుకుని వాడి కొట్టుకు వెళ్ళాం. వాడు పొయ్యి ఆర్పేసి గోడకేసి తిరిగి కూర్చున్నాడు.

"ఎలా జరిగిందిరా?" అన్నాను.

"పెద్ద ప్రశ్న ఒకటిచ్చాడండి, మీ ఊళ్ళో చేసే ఏదైనా మిఠాయి ఎలా చేస్తారో రాయమని. తప్పు రాద్దామనే కూర్చున్నానండి. దేవుడి తోడు. పాకం లేతగా తియ్యాలని రాద్దామనుకున్నా. చెయ్యి రాలేదండి." "ఎవరైనా చదివి అలాగే చేసుకుంటే, పిండీ నెయ్యీ పాడైపోవా? అందుకని ఉన్నదున్నట్టు రాసేశానండి. నాకొచ్చిన ఇంగ్లీషులోనే."

జన్మంతా వాడు పాసవ్వాలని కోరుకున్న మేమే, పాసైన రోజున వాడి ముందు చావు కబురు విన్నవాళ్ళలా నిలబడ్డాం. అందరి వెనక నుంచి ముసలమ్మ ముందుకొచ్చింది. వాడు ముఖం చేతుల్లో దాచుకున్నాడు.

"నీ బడి నేనే మూయించేశానే అమ్మా."

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. "పాసైతే స్వీటు పంచాలి తాతా," అంది. "పొయ్యి ఎలిగించు."

ఆ రాత్రికే మెర్సీ గారు పెయింటర్‌ను పిలిపించారు. బడి ఉన్నన్నాళ్ళైనా ఉంటుందని, టేకు పలక మీద ఆఖరి వరసలో బంగారు రంగుతో సత్తిరాజు పేరు రాయించారు. వాడు పొద్దున్నే వచ్చి చూసి, ఈసారి రంగు గురించి ఏమీ అనలేదు.

జూన్‌లో బడి తెరిచిన రోజే దక్షిణామూర్తి గారు వచ్చారు. సంచిలోంచి విలీనం ఉత్తర్వు తీశారు. ముఖం కూడా కాస్త విచారంగానే పెట్టుకున్నారు. "పంతొమ్మిది. నియమము నియమమే. తాళము చెవులు ఇప్పించవలసిందిగా..." అంటూ చెయ్యి చాపారు.

మెర్సీ గారు గుత్తి కొంగు నుంచి విప్పుతున్నారు. అంతలో నిత్యానందం లేచాడు. ఆ లేవడం చూస్తే వాడు ఏ బెంచీ మీంచి లేచినా కోర్టు వాడి వెంటే వస్తుందనిపించింది.

"ఒక్క మనవి. జూన్‌లో ముందు బడి బయట పిల్లల సర్వే పూర్తి చేసి, ఆ తర్వాతే హాజరు లెక్క తీయాలని తమరి నియమం. సర్వే అయిందా?"

"అయినది. ఈ ఊరిలో బడి బయట ఎవరూ లేరు."

"గేటు దగ్గర చూడండి."

గేటు బయట, ఆ లాటిన్ ముక్క కింద, సత్తిరాజు కాజాల బుట్టతో నిలబడి ఉన్నాడు. పాసైనవాడు లోపలికి రాకూడదేమోనని అక్కడే ఆగిపోయాడు.

"పాసైనా తప్పినా, ఈ బడి వదిలిన వాడు సంఘ సభ్యుడు. సభ్యుడు వృద్ధ బాలుడు. బాలుడు, బడి బయట," అన్నాడు నిత్యానందం. "తమరి సున్నా పోయింది. వాణ్ణి చేర్చుకుంటే తమరి సున్నా నిలుస్తుంది, మా ఇరవై కూడా."

దక్షిణామూర్తి గారు శాలువా జారిపోతున్నట్టు భుజం పట్టుకున్నారు. చేతిలో ఉత్తర్వు సంచిలోకి వెళ్ళిపోయింది. గబగబా గేటు దాకా నడిచి వెళ్ళి, సత్తిరాజు ఎదుట గొంతుక్కూర్చుని, తలెత్తి ఎంతో లాలనగా అడిగారు.

"బాబూ, బడి ఎందుకు మానేశావు?"

సత్తిరాజు ఆయన వంక చూశాడు. తరవాత హాలు వైపు, టేకు పలక వైపు, కిటికీలోంచి వంగి చూస్తున్న ముసలమ్మ వైపు చూశాడు. బుట్ట కింద పెట్టాడు. చొక్కా సర్దుకున్నాడు. వాడు అంత నిటారుగా నిలబడడం నేనెప్పుడూ చూడలేదు.

"పాసయ్యానండీ!" అన్నాడు, పాయ అవతలికి వినబడేలా.